ముందు శ్మశానం, తర్వాతే సినగాగ్

అమెరికా రాష్ట్రాల్లోకెల్లా చిన్నది రోడ్ ఐలండ్. తూర్పు తీరంలో ఉన్న ఆ రాష్ట్రంలో న్యూపోర్ట్ అనే రేవు ఊరు ఉంది. 1677 ఫిబ్రవరి 28న ఆ ఊళ్లో ఒక చిన్న భూమి చేతులు మారింది. అమ్మినవాడు నథానియల్ డికెన్స్. కొన్నవాళ్లు మొర్దెకై కంపనాల్, మోసెస్ పచెకో అనే ఇద్దరు యూదులు. వాళ్లు కొన్నది ఇంటికీ కాదు, గోదాముకీ కాదు. తమవాళ్లలో ఎవరైనా పోతే పూడ్చుకోవడానికి. అప్పటికి న్యూపోర్ట్‌లో యూదులు పిడికెడుమంది. ప్రార్థన చేసుకోవడానికి సినగాగ్ అనే సొంత కట్టడమంటూ వాళ్లకు లేదు. అది లేవడానికి ఇంకో 86 ఏళ్లు పట్టింది.

వరస తిరగబడినట్టు అనిపిస్తుంది గానీ, యూదుల పద్ధతిలో ఇదే సరైన వరస. ప్రార్థనకు గోడలు తప్పనిసరి కాదు. వయసొచ్చిన పదిమంది మగవాళ్లు ఒకచోట చేరితే ఎవరింటి ముందుగదిలోనైనా అది జరిగిపోతుంది. చావుకు అలా సర్దుకోవడం కుదరదు. సంప్రదాయం దహనాన్ని ఒప్పుకోదు. ప్రాణం పోయిన మనిషికి స్నానం చేయించి, ఉన్నవాడైనా లేనివాడైనా ఒకే రకం తెల్లబట్ట చుట్టి, వీలైనంత త్వరగా మట్టి చేయాలి. ఒకసారి పూడ్చాక ఆ సమాధి జోలికి పోకూడదు. అది ఎప్పటికీ ఆ మనిషిదే. అద్దె స్థలంలో ఇది సాగే పని కాదు. కొనాలి, రాయించుకోవాలి, కాగితం దాచుకోవాలి.

ఆ కాగితం విలువ తెలియాలంటే కొన్నవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారో చూడాలి. కంపనాల్, పచెకో అనేవి స్పెయిన్, పోర్చుగల్ వైపు ఇంటిపేర్లు. 1492లో స్పెయిన్ తన యూదులను వెళ్లగొట్టింది. చాలామంది పక్కనే ఉన్న పోర్చుగల్‌కు పారిపోయారు. 1497లో అక్కడా బలవంతపు బాప్తిస్మాలు జరిగాయి. ఆ తర్వాత కొన్ని తరాలు పైకి క్రైస్తవులుగా, తలుపులు మూసుకున్నాక యూదులుగా బతికాయి. మతవిచారణ న్యాయస్థానానికి అనుమానం వస్తే చెర, ఒక్కోసారి మంట. అలాంటి ఇంట్లో మనిషి పోతే చర్చి ఆవరణలోనే, చర్చి పెట్టిన పేరుతోనే సమాధి అయ్యేవాడు. బతికినన్నాళ్లూ వేసిన వేషం చచ్చాక కూడా విప్పడానికి లేదు. ఆమ్‌స్టర్‌డామ్, లండన్, బార్బడోస్, కురసావ్ ఎక్కడికి చేరినా వీళ్లు త్వరపడి సొంత శ్మశానం చూసుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

ఇదే జనం, దాదాపు ఇదే కాలంలో, మన వైపూ వచ్చారు. కృష్ణా లోయలోని గోల్కొండ వజ్రాల కోసం 1680లలో పోర్చుగీసు మూలాలున్న యూదు వర్తకులు లండన్, ఆమ్‌స్టర్‌డామ్‌ల నుంచి మద్రాసులో దిగారు. మధ్యధరా పగడాలు తెచ్చి వజ్రాలు కొనుక్కెళ్లేవారు. జార్జ్‌టౌన్‌లోని పగడాల వర్తకుల వీధికి ఆ వ్యాపారం వల్లే పేరొచ్చింది. వాళ్లలో ప్రముఖుడైన జాక్వెస్ దె పాయివా 1687లో మద్రాసులోనే కన్నుమూశాడు. అక్కడా వాళ్లు ఒక శ్మశానం ఏర్పరచుకున్నారు. నగరం పెరిగాక దానికి స్థానభ్రంశం తప్పలేదు. మిగిలిన కొన్ని రాళ్లు ఇప్పుడు చెన్నై లాయిడ్స్ రోడ్డు వైపు ఉన్నాయి. ఈ స్థానభ్రంశం సంగతి న్యూయార్క్ దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

ఇక కంపనాల్, పచెకోలు న్యూపోర్ట్‌నే ఎందుకు ఎంచుకున్నారు? దానికి కారణం రోజర్ విలియమ్స్ అనే మొండి పాస్టరు. మనిషి విశ్వాసంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నందుకు మసాచుసెట్స్ అతన్ని వెలివేసింది. 1636లో అతను వచ్చి పాతుకున్నదే రోడ్ ఐలండ్. 1663లో ఇంగ్లండ్ రాజు ఇచ్చిన పట్టా మతస్వేచ్ఛను కాగితం మీద ఖాయం చేసింది. దాంతో క్వేకర్లు, బాప్టిస్టులు అనే క్రైస్తవ శాఖలవాళ్లు, యూదులు, ఇంకెక్కడా ఇమడనివాళ్లు ఇటు చేరారు. అయితే ఆ స్వేచ్ఛ పూజ వరకే. ఓటూ పదవీ క్రైస్తవులకే పరిమితం.

ఆ తేడా ఎంతో ఆరన్ లోపెజ్ కథ చెబుతుంది. లిస్బన్‌లో 1731లో పుట్టినప్పుడు అతని పేరు దువార్తె. 1752లో న్యూపోర్ట్ చేరాక సున్తీ చేయించుకుని ఆరన్ అయ్యాడు, భార్యతో యూదుల పద్ధతిలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. తిమింగలపు కొవ్వుతో చేసే మేలురకం కొవ్వొత్తుల వ్యాపారంలో పైకొచ్చాడు, నౌకలు సంపాదించాడు, ఊళ్లో అందరికన్నా ఎక్కువ పన్ను కట్టే స్థాయికి ఎదిగాడు. అంతటివాడు పౌరసత్వం అడిగితే 1762లో రోడ్ ఐలండ్ న్యాయస్థానం కాదంది. చివరికి అదే ఏడు, రోజర్ విలియమ్స్‌ను వెళ్లగొట్టిన మసాచుసెట్స్‌కే వెళ్లి తెచ్చుకున్నాడు.

లోపెజ్ గురించి చెప్పేటప్పుడు అతని నౌకల్లో ఏముండేదో కూడా చెప్పాలి. రమ్ము, కలప, చేపలతో పాటు ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన మనుషులు. న్యూపోర్ట్ సంపదలో పెద్దభాగం బానిస వ్యాపారంతో ముడిపడినదే. క్రైస్తవ వర్తకుల్లాగే లోపెజ్ కూడా అందులో డబ్బు పెట్టాడు. అతను పంపిన బానిస నౌకల లెక్క ఇరవై దాకా వస్తుంది. మతవిచారణ నుంచి పారిపోయి వచ్చిన మనిషి ఇంకొకరిని గొలుసులతో తెప్పించడానికి వెనకాడలేదు. ఆ ఊరి చరిత్ర రాసేవాళ్లు చాలాకాలం ఈ ముక్కను చూసీ చూడనట్టు దాటేశారు.

1763 డిసెంబరు 2న సినగాగ్ తెరుచుకుంది. నమూనా గీసిన పీటర్ హారిసన్ క్రైస్తవుడు. విరాళాలు న్యూయార్క్, లండన్, జమైకా, కురసావ్, సూరినాముల నుంచి వచ్చాయి. ఇప్పుడు అమెరికాలో నిలిచి ఉన్న సినగాగ్‌లలో అదే పాతది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన ఐజక్ తూరో అక్కడ ప్రార్థనలు నడిపించేవాడు. ఎజ్రా స్టైల్స్ అనే పాస్టరు పని కట్టుకుని వెళ్లి ఆ ప్రార్థనలు వినేవాడు, హీబ్రూ నేర్చుకునేవాడు, చూసిందంతా డైరీలో రాసుకునేవాడు. తర్వాత యేల్ కళాశాలకు అధ్యక్షుడైంది ఆయనే. 1773లో హెబ్రోన్ నుంచి వచ్చిన హయీమ్ ఐజక్ కరిగల్ అనే రబ్బీ (యూదు మతగురువు) ఇక్కడ స్పానిష్‌లో ప్రసంగిస్తే అది పుస్తకంగా అచ్చయింది. న్యూపోర్ట్ యూదుల మంచిరోజులంటే ఇవే. మొత్తం కలిపినా ఒక తరం కాలం.

సినగాగ్ నుంచి కొద్దిపాటి ఎత్తు ఎక్కితే శ్మశానం. 1677లో కొన్నా ఆ తొలినాళ్ల రాళ్లేవీ ఇప్పుడు కనిపించవు. ఉన్నవాటిలో పాతవి 1760ల నాటివి. వాటి మీద రాతలు ఏ భాషలోవని అడిగితే సూటిగా జవాబు చెప్పలేం. హీబ్రూ ఉంది, ఇంగ్లీషు ఉంది, స్పానిష్, పోర్చుగీసు, లాటిన్ ఉన్నాయి. ఒకే రాయి మీద రెండు మూడు భాషలూ కనిపిస్తాయి. తేదీలూ అంతే: యూదుల పంచాంగం ప్రకారం ఐదువేల ఐదువందల పైచిలుకు సంవత్సరం ఒక పక్క, క్రీస్తుశకం ఇంకో పక్క. దేవుడితో హీబ్రూ, ఇంట్లో పోర్చుగీసు, బజారులో ఇంగ్లీషు. ఆ మనుషుల దినచర్యలాగే ఉన్నాయి ఆ రాళ్లు.

చెక్కినవాళ్లు మాత్రం ఊరి క్రైస్తవ శిల్పులు. హీబ్రూ రాదు కాబట్టి రాసిచ్చిన అక్షరాలను బొమ్మల్లా చూసి చెక్కి ఉండాలి. అందుకే కొన్ని రాళ్ల మీద, చర్చి పక్క సమాధుల్లో ఉన్నట్టే, రెక్కలున్న చిన్నారి ముఖాలు తొంగిచూస్తాయి. సమాధి మీద మనిషి రూపం చెక్కడం యూదుల మామూలు పద్ధతి కాదు. అయినా ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు లేదు.

న్యూపోర్ట్‌లో పేరున్న రాతి పనివాళ్లు స్టీవెన్స్ కుటుంబం. 1705లో మొదలైన వాళ్ల కార్ఖానా ఇవాళ్టికీ నడుస్తోంది. 1760లలో అందులో పాంపీ స్టీవెన్స్ అనే ఆఫ్రికన్ బానిస ఉలి పట్టేవాడు. తన సోదరుడు కఫీ గిబ్స్ 1768లో చనిపోతే సమాధి రాయి తానే చెక్కి, చెక్కింది తానేనని దాని మీదే రాసుకున్నాడు. ఆ రాయి ఊరి ఉమ్మడి శ్మశానంలో ఆఫ్రికన్లకు కేటాయించిన భాగంలో ఉంది. లోపెజ్ సమాధి ఒకచోట, కఫీ సమాధి ఇంకోచోట. ఈ రెండోదాన్ని చూడకుండా వచ్చేసిన యాత్రికుడు న్యూపోర్ట్‌ను సగమే చూసినట్టు.

తర్వాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. 1776 డిసెంబరులో బ్రిటిష్ సైన్యం న్యూపోర్ట్‌ను పట్టుకుని, 1779 అక్టోబరు దాకా కదల్లేదు. చలికి తట్టుకోలేక సైనికులు ఇళ్లు పడగొట్టి కట్టెలుగా కాల్చుకున్నారు. వ్యాపారం చచ్చిపోయింది, జనాభా సగానికి దగ్గరగా పడిపోయింది. లోపెజ్ కుటుంబాన్ని వెంటబెట్టుకుని మసాచుసెట్స్‌లోని లెస్టర్‌కు తరలిపోయాడు. 1782లో న్యూపోర్ట్‌కు తిరిగివస్తూ దారిలో గుర్రానికి నీళ్లు పట్టబోయి స్కాట్ చెరువులో మునిగిపోయాడు. బతికి చేరలేకపోయిన ఊరికి శవమై చేరాడు. బ్రిటిష్ పక్షం వహించిన ఐజక్ తూరో సైన్యంతోపాటే న్యూయార్క్‌కు, అక్కణ్నుంచి జమైకాకు వెళ్లి అక్కడే పోయాడు.

1790 ఆగస్టులో అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఊరికి వచ్చాడు. యూదు సమాజం తరఫున మోసెస్ సెయిషాస్ స్వాగతపత్రం చదివితే, వాషింగ్టన్ జవాబుగా ఒక ఉత్తరం రాశాడు. కొత్త ప్రభుత్వం మతద్వేషానికి చోటివ్వదనీ, స్వేచ్ఛ అనేది ఒక వర్గం ఇంకో వర్గానికి దయతో ఇచ్చేది కాదనీ దాని సారాంశం. అమెరికా మతస్వేచ్ఛ చరిత్రలో ఆ ఉత్తరానిది పెద్దపీట. కానీ అది వచ్చేనాటికే న్యూపోర్ట్‌లో దాన్ని అందుకునే ఇళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. 1822లో చివరి యూదుడు మోసెస్ లోపెజ్ న్యూయార్క్ వెళ్లిపోయాడు. సినగాగ్ వ్యవహారం న్యూయార్క్‌లోని షెరిత్ ఇజ్రాయెల్ సమాజం చేతికి పోయింది. మూసిన తలుపులకూ సమాధులకూ కాపలా చూసినవాళ్లు గౌల్డ్ అనే క్వేకర్ కుటుంబంవాళ్లు.

విచిత్రం ఇక్కడే మొదలవుతుంది. బతికున్నవాళ్లు ఊరు వదిలేశారు, పోయినవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. బోస్టన్‌లో 1844 దాకా యూదుల శ్మశానమే లేదు. అందుకని అక్కడ పోయినవాళ్లను న్యూపోర్ట్‌కు తెచ్చేవారు. ఐజక్ తూరో భార్య రైనా 1787లో అలాగే వచ్చింది. ఆమె పిల్లల్ని పెంచిన అన్న మోసెస్ మైకేల్ హేస్ 1805లో. ఆమె పెద్దకొడుకు అబ్రహాం 1822లో. బోస్టన్‌లో సైనిక కవాతు జరుగుతుంటే గుర్రం బెదిరి, బండి నుంచి పడి పోయాడతను. అదే ఏడు మోసెస్ లోపెజ్ ఊరు వదిలాడు.

అబ్రహాం వీలునామా చదివి రోడ్ ఐలండ్ పెద్దలు ముక్కున వేలేసుకుని ఉంటారు. సినగాగ్ పోషణకని పదివేల డాలర్లు ఏకంగా రాష్ట్ర శాసనసభకే అప్పగించాడు. శ్మశానం నుంచి ఊరి ప్రధాన వీధి దాకా ఉన్న దారి బాగుకు ఇంకో ఐదువేలు. ప్రార్థించే మనిషి లేని మందిరం ఒక రాష్ట్ర ప్రభుత్వం ధర్మకర్తృత్వంలోకి వచ్చింది. ఆ దారి తూరో వీధి అయింది.

చిన్నకొడుకు జూడా ఇంకా విచిత్రమైన మనిషి. ఎప్పుడో న్యూ ఆర్లియన్స్ వెళ్లి స్థిరపడ్డాడు. పెళ్లి లేదు, ఆర్భాటం లేదు. 1815లో బ్రిటిష్ సైన్యంతో అక్కడ జరిగిన యుద్ధంలో మందుగుండు మోస్తుండగా ఫిరంగి గుండు తగిలితే, చచ్చాడనుకున్న మనిషిని స్నేహితుడు రెజిన్ షెపర్డ్ మోసుకొచ్చి బతికించాడు. తర్వాత కూడబెట్టిందంతా మతం చూడకుండా పంచాడు. బోస్టన్ దగ్గర బంకర్ హిల్ స్మారకం డబ్బులేక ఆగిపోతే పదివేల డాలర్లిచ్చింది ఇతనే. న్యూపోర్ట్ శ్మశానానికి అన్న కట్టించిన ఇటుక గోడ పాడైందని విని, 1840లలో గ్రానైటు స్తంభాలతో ఇనుప కంచె వేయించాడు. వాస్తుశిల్పి ఐజయా రోజర్స్ నిలబెట్టిన ద్వారం మాత్రం నిఖార్సైన ఈజిప్టు ఫక్కీలో ఉంది: ఏటవాలు స్తంభాలు, రెక్కల గోళం, తలకిందులుగా పట్టిన కాగడాలు. ఆరోజుల్లో అమెరికా శ్మశానాలకు అదే మోజు. రోజర్స్ బోస్టన్‌లో గ్రానరీ శ్మశానానికి కట్టినదీ ఇలాంటిదే. ఈజిప్టు రాజు ఫరో చెర నుంచి బయటపడ్డామని ఏటా పండగ చేసుకునే జనం తమ శ్మశానంలోకి ఫరో వాకిలి గుండా నడవడం గురించి ఆ రోజుల్లో ఎవరైనా నవ్వుకున్నారో లేదో.

1852 జులైలో కవి హెన్రీ లాంగ్‌ఫెలో వేసవి గడపడానికి న్యూపోర్ట్ వచ్చి ఈ గేటు దాటాడు. కాపలా చూసే గౌల్డ్ అతన్ని లోపలికి తీసుకెళ్లాడు. యూదు పేరు పక్కన స్పెయిన్, పోర్చుగల్ వైపు ఇంటిపేరు, మూసేసిన సినగాగ్, చుట్టూ హోరెత్తే సముద్రం. కదిలిపోయి ఒక కవిత రాశాడు. యూరప్‌లో యూదులు పడ్డ అవమానాల మీద నిజమైన సానుభూతి ఉన్న కవిత అది. అయితే ముగింపులో ఒక తీర్పు ఇచ్చేశాడు: చచ్చిన జాతులు మళ్లీ లేవవని.

ఆ కవిత పత్రికలో అచ్చయింది 1854లో. సరిగ్గా ఆ ఏడాదే జనవరిలో న్యూ ఆర్లియన్స్‌లో జూడా తూరో చనిపోయాడు. తనను తల్లి పక్కన పూడ్చమన్నాడు. జూన్ 6న న్యూపోర్ట్ వీధులు జనంతో నిండాయి. యూదులు లేని ఊరు ఒక యూదుడి అంత్యక్రియలకు ఒక్కటై కదిలింది. అతని వీలునామా విలువ దాదాపు ఐదు లక్షల డాలర్లు. ఆసుపత్రులకు, అనాథాశ్రమాలకు, చర్చిలకు, జెరూసలేం పేదలకు. ఆ చివరి మొత్తంతో మోసెస్ మాంటిఫియోరీ అనే ఇంగ్లండ్ యూదు దాత 1860లో జెరూసలేం కోటగోడ బయట మొదటి యూదుల పేట కట్టించాడు. న్యూపోర్ట్‌కూ ఒక పదివేలున్నాయి. దేనికంటే శ్మశానం మరమ్మతుకు, సినగాగ్‌లో ప్రార్థన నడిపేవాడి జీతానికి! వినేవాళ్లు లేనిచోట జీతం ఏర్పాటు చేసిపోయాడు. లాంగ్‌ఫెలోకు అందని లెక్క ఏదో ఈ వ్యాపారి దగ్గర ఉందనుకోవాలి.

జవాబు మాటలతో చెప్పింది మాత్రం ఒక అమ్మాయి. న్యూయార్క్‌లో పాత పోర్చుగీసు యూదు కుటుంబంలో పుట్టిన ఎమ్మా లాజరస్, 1867లో, పద్దెనిమిదేళ్లకు, లాంగ్‌ఫెలో నడకలోనే న్యూపోర్ట్ సినగాగ్ మీద కవిత రాసింది. అప్పటికి ఆమెదీ విషాద స్వరమే. 1881 నుంచి రష్యాలో యూదుల మీద దాడులు మొదలై శరణార్థులు న్యూయార్క్ రేవులో దిగడం చూశాక స్వరం మారింది. 1882లో లాంగ్‌ఫెలో చనిపోయినప్పుడు నివాళి రాస్తూనే, ఆ ముగింపు తప్పని మొహమాటం లేకుండా చెప్పింది. మరుసటి ఏడాది ఆమె రాసిన పద్నాలుగు పాదాల కవితే ఇప్పుడు స్వేచ్ఛా ప్రతిమ పీఠంలో కంచు రేకు మీద ఉన్నది.

ఎమ్మా వాళ్ల సమాజం, షెరిత్ ఇజ్రాయెల్, శ్మశానాల విషయంలో న్యూపోర్ట్‌కు పూర్తిగా వ్యతిరేకమైన కథ. 1656లో డచ్చివాళ్లు ఊరి బయట ఇచ్చిన తొలి చోటు ఎక్కడుండేదో ఆనవాలే లేదు. 1682లో కొన్న చాటమ్ స్క్వేర్ శ్మశానంలో మొదటి సమాధి 1683 నాటిది. అది ఇప్పుడు చైనాటౌన్ భవనాల మధ్య ముక్కగా మిగిలింది. 1850లలో వీధి వేయడానికి దాంట్లోంచే రెండు వందలకు పైగా సమాధులు తవ్వి తరలించారు. 1805లో పదకొండో వీధిలో ఇంకోటి తెరిస్తే, నగరం గీసిన గళ్ల పటానికి 1830లో అది అడ్డొచ్చి చిన్న త్రికోణం మిగిలింది. ఇరవై ఒకటో వీధిలోని మూడోదాన్ని 1851లో చట్టం మూయించింది. ఎప్పటికీ కదలకూడదన్న సమాధికి గజం ధర రోజూ పెరిగే ఊళ్లో ఇంతకన్నా ఏం దక్కుతుంది? 1887లో ఎమ్మా పోయినప్పుడు ఆమెను పూడ్చింది ఈ మూడింటికీ దూరంగా, సైప్రస్ హిల్స్‌లో. న్యూపోర్ట్ చితికిపోవడమే దాని శ్మశానాన్ని కాపాడింది. యుద్ధం తర్వాత అక్కడి నేల కోసం ఎగబడేంత వ్యాపారం మిగల్లేదు మరి.

జూడా జీతం చివరికి వృథా కాలేదు. రష్యా, తూర్పు యూరప్ వలసలతో న్యూపోర్ట్‌లో మళ్లీ యూదుల ఇళ్లు వెలిశాయి. 1883లో అబ్రహాం పెరేరా మెండెస్ రబ్బీగా వచ్చి సినగాగ్ తలుపులు తెరిచాడు. కొత్తవాళ్లు జెషువాత్ ఇజ్రాయెల్ అనే పేరుతో సంఘమయ్యారు. ఇంటిభాష యిడ్డిష్, పాతవాళ్ల పోర్చుగీసు పద్ధతులు వాళ్లకు పరాయివి. అయినా ప్రార్థన పాత పద్ధతిలోనే సాగాలన్నది న్యూయార్క్ షరతు. రెండు సమాజాల పేచీ కోర్టుకెక్కి 1903లో ఒక అద్దె ఒప్పందంగా తేలింది: సినగాగ్ న్యూయార్క్‌వాళ్లది, వాడుకునేది న్యూపోర్ట్‌వాళ్లు, అద్దె ఏడాదికి ఒక డాలర్.

నూరేళ్లకు పైగా నిద్రపోయిన ఆ కాగితం 2012లో మళ్లీ బయటికొచ్చింది. వలస పాలనకాలపు పేరుమోసిన వెండి పనివాడు మైయర్ మైయర్స్ యూదుల ధర్మగ్రంథమైన తోరా చుట్ట కొసలకు చేసిన అలంకారాల జత అప్పట్లో న్యూపోర్ట్ సంఘం చేతిలో ఉండేది. దాన్ని బోస్టన్ మ్యూజియానికి 74 లక్షల డాలర్లకు అమ్మి, సినగాగ్‌కు నిధి ఏర్పాటు చేయాలని స్థానిక సంఘం అనుకుంది. అది మా సొత్తు, అమ్మడానికి వీల్లేదని న్యూయార్క్ అడ్డుపడింది. 2016లో కింది కోర్టు న్యూపోర్ట్ వైపు మొగ్గింది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసి, వెండితో పాటు సినగాగ్ కూడా షెరిత్ ఇజ్రాయెల్‌దేనంది. కారణంగా చూపినవాటిలో ఆ డాలరు అద్దె ఒప్పందం ముఖ్యం. 2019లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించడంతో ఆ తీర్పే ఖాయమైంది.